పాత కారుకు మరో మాన్యువల్ గేర్‌బాక్స్ అమర్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గేర్‌బాక్స్ మార్పిడి అనగానే అందరి చూపూ గేర్‌బాక్స్ మీదే పడుతుంది. పనిలో పెద్ద భాగం మాత్రం దానికి ముందూ వెనకా ఉంటుంది. ముందు వైపు ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం), క్లచ్, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి, ఇంజనును గేర్‌బాక్స్‌కు కలిపే గంట ఆకారపు డొల్ల). వెనక వైపు క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్ వెనక భాగాన్ని మోసే అడ్డపట్టీ), ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే గొట్టం), పినియన్ (ఆ గొట్టం తిప్పే, వెనక యాక్సిల్‌లోని చిన్న గేరు). ఒక కంపెనీ ఇంజనుకు మరో కంపెనీ గేర్‌బాక్స్ తగిలించినప్పుడు ఈ మధ్య భాగాలు ఒకదానితో ఒకటి పొసగేలా ఏ ఇంజనీరూ ఆలోచించి ఉండడు. ఆ బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఇక్కడి ప్రశ్నలన్నీ ఇంజను ముందుండి వెనక చక్రాలు తిరిగే పాత కార్లకు సంబంధించినవి.

బాగానే ఉన్న పాత గేర్‌బాక్స్‌ను ఎందుకు మార్చాలి?

బాగానే ఉండి, దగ్గరి ప్రయాణాలకే వాడుతుంటే మార్చనక్కర్లేదు. చాలామంది మార్చేది ఐదో గేరు కోసం. 1960ల కార్లలో ఎక్కువ వాటికి మూడు లేదా నాలుగు గేర్లే. పై గేరులో ఇంజను, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. టైరు ఒక చుట్టుకు 1.9 మీటర్లు దొర్లుతుందని, వెనక యాక్సిల్ నిష్పత్తి 3.9 అని అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 877 చుట్లు తిరుగుతుంది, ఇంజను 3,420. ఐదో గేరు నిష్పత్తి 0.82 అయితే అదే వేగానికి ఇంజను 2,800కు దిగుతుంది, 0.68 అయితే 2,330కి. గంటల తరబడి హైవే మీద నడిపేవారికి ఆ తేడా మొదట చెవికి తెలుస్తుంది, తర్వాత పెట్రోలు ఖర్చులో తెలుస్తుంది.

మొదటి గేరుకు సింక్రో (గేరు గీసుకోకుండా మారనిచ్చే భాగం) లేకపోవడం, పాత గేర్‌బాక్స్‌కు విడిభాగాలు దొరకకపోవడం, ఆటోమేటిక్ తీసేసి క్లచ్ పెడల్ కావాలనుకోవడం మిగిలిన కారణాలు. ‘పికప్ పెరుగుతుంది’ అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. గేర్‌బాక్స్ ఇంజనుకు కొత్త బలం ఇవ్వదు.

ఏ గేర్‌బాక్స్ ఎంచుకోవాలి?

ముందు మూడు విషయాలు చూడాలి: ఇంజను టార్కును తట్టుకుంటుందా, గేరు లివరు పాత రంధ్రానికి దగ్గరలో వస్తుందా, నిష్పత్తులు మీ యాక్సిల్‌కు నప్పుతాయా. బ్రాండు మోజు ఆ తర్వాతే.

అమెరికన్ వీ8 కార్లలో ఎక్కువగా కనిపించేది బోర్గ్-వార్నర్ టీ-5. 1980ల ఆరంభంలో వచ్చిన ఈ డిజైన్ తర్వాత ట్రెమెక్ కంపెనీ చేతికి వెళ్లింది. బయటి నుంచి ఒకేలా కనిపించే టీ-5లలో లోపల చాలా రకాలున్నాయి. 1990-93 మస్టాంగ్‌లో వచ్చినదానికి 300 పౌండ్-అడుగుల టార్కు పరిమితి ఉండేది, అంతకు ముందటివాటికి 265. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్ల కోసం చేసిన కొన్నింటిలో మొదటి గేరు 4.03 దాకా ఉంటుంది. అలాంటిది వీ8కు తగిలిస్తే బండి కదిలీ కదలక ముందే రెండో గేరుకు మార్చాల్సి వస్తుంది. అందుకే కేసింగ్ మీది ట్యాగ్ నంబరు చూడకుండా టీ-5 కొనకూడదు. ట్యాగ్ ఊడిపోయి ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ తిప్పుతూ అవుట్‌పుట్ చుట్లు లెక్కపెట్టండి, నిష్పత్తి అక్కడికక్కడే తేలిపోతుంది.

బ్రిటిష్ కార్లకు ఫోర్డ్ సియెర్రాలో వచ్చిన టైప్ 9 బాగా అలవాటైన ఎంపిక. దాని మామూలు రకంలో మొదటి గేరు 3.65, ఐదోది 0.82. ఎమ్‌జీబీ లాంటి 3.9 యాక్సిల్ ఉన్న కారుకు ఆ 3.65 కాస్త పొట్టి గేరే. వీ6 ఇంజనుతో వచ్చిన రకంలో మొదటి గేరు 3.36, నా ఓటు దానికే. టయోటా డబ్ల్యూ58, మాజ్డా ఎంఎక్స్-5 గేర్‌బాక్స్‌లను కూడా పాత స్పోర్ట్స్ కార్లలో విరివిగా వాడతారు. రెండూ మెత్తగా మారే గేర్‌బాక్స్‌లే. కానీ లివరు ఎక్కడ పైకి వస్తుందో కొలిచాకే నిర్ణయానికి రావాలి.

పూర్తి కిట్ కొనేస్తే ఈ కొలతల గొడవ ఉండదు కదా?

తగ్గుతుంది, పోదు. కిట్ తయారుచేసినవారు తమ దగ్గరున్న కారుకు కొలిచి చేశారు. మీ కారు అరవై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఏ ఇంజను ఎక్కిందో, వెనక స్ప్రింగులు ఎంత కుంగాయో వారికి తెలియదు. మంచి కిట్ కొనండి, తప్పులేదు. బిగించే ముందు మాత్రం అది తొలిసారి చేస్తున్న అమరిక అన్నట్టే ప్రతి కొలతా తీయండి.

గేర్‌బాక్స్‌కు డబ్బు కట్టే ముందు ఏమేం కొలవాలి?

పాత గేర్‌బాక్స్ కారులో ఉండగానే తీయాల్సిన కొలతలు కొన్ని ఉన్నాయి. విప్పేశాక వాటిని తిరిగి పట్టుకోవడం కష్టం. ఇంజను వెనక ముఖం నుంచి గేరు లివరు మధ్య దాకా ఎంత, వెనక మౌంటింగ్ దాకా ఎంత, టెయిల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ వెనక కేసింగ్) చివరి దాకా ఎంత రాసుకోండి. ఇంజను ఎంత డిగ్రీలు వెనక్కి వాలి ఉందో, పినియన్ ఎంత వాలి ఉందో కూడా రాసుకోండి. కొనబోయే గేర్‌బాక్స్ నుంచి తీయాల్సినవి: ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, దాని స్ప్లైన్ల (షాఫ్ట్ మీద నిలువునా కోసిన పళ్ల) సంఖ్య, వ్యాసం, కొనకున్న పైలట్ భాగం (క్రాంక్‌షాఫ్ట్ వెనక రంధ్రంలోకి దిగే కొన) వ్యాసం, ముందు బేరింగ్ రిటైనర్ వ్యాసం, అవుట్‌పుట్ స్ప్లైన్ల సంఖ్య.

స్ప్లైన్ల విషయంలో కంటి అంచనా పనికిరాదు. జనరల్ మోటార్స్‌లో 1-1/8 అంగుళాల షాఫ్ట్‌కు 10 స్ప్లైన్లూ ఉన్నాయి, 26 స్ప్లైన్లూ ఉన్నాయి. ఫోర్డ్‌లో 1-1/16 అంగుళాల 10 స్ప్లైన్ల షాఫ్ట్ సర్వసాధారణం. పక్కపక్కన పెడితే తప్ప ఈ రెండు పది స్ప్లైన్ల షాఫ్ట్‌ల తేడా కనిపెట్టలేం.

అడాప్టర్ ప్లేటు వేస్తే ఏమేం మారతాయి?

అడాప్టర్ ప్లేటు అంటే బోల్టు రంధ్రాలు కలవని బెల్ హౌసింగ్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య వేసే ప్లేటు. దాని మందమెంతో అంత దూరం గేర్‌బాక్స్ మొత్తం వెనక్కి జరుగుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ కొన పైలట్ బేరింగ్ నుంచి 12 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, క్లచ్ ప్లేటు మధ్య భాగానికి దొరికే స్ప్లైన్ పొడవు అంత తగ్గుతుంది, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసేది) అంత వెనక్కి పోతుంది, లివరు కూడా జరుగుతుంది. ఇవన్నీ ఒకే కొలతకు కట్టుబడి ఉన్నాయి కాబట్టి ప్లేటు గీయించే ముందే లెక్క తేల్చుకోవాలి.

లెక్క ఇలా ఉంటుంది. బెల్ హౌసింగ్ వెనక ముఖం నుంచి పైలట్ బుష్ ముందంచు దాకా 170 మిల్లీమీటర్లు, క్రాంక్ రంధ్రం అడుగు దాకా 190 ఉన్నాయనుకోండి. గేర్‌బాక్స్ ముఖం నుంచి షాఫ్ట్ కొన 185 పొడుచుకొని ఉంటే కొన బుష్‌లోకి 15 మిల్లీమీటర్లు దిగుతుంది, అడుగున ఇంకా 5 ఖాళీ ఉంటుంది. ఇది మంచి అమరిక. అదే షాఫ్ట్ 191 ఉంటే గేర్‌బాక్స్ చివరి మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ‘బోల్టులు బిగిస్తే అదే వస్తుందిలే’ అని లాగారో, క్రాంక్ థ్రస్ట్ బేరింగో, గేర్‌బాక్స్ ముందు బేరింగో, బెల్ హౌసింగ్ చెవో పోతుంది. గేర్‌బాక్స్ రెండు చేతులతో నెడితే బెల్ హౌసింగ్‌కు పూర్తిగా ఆనాలి. బోల్టులు దాన్ని పట్టి ఉంచడానికే, లోపలికి లాగడానికి ఎప్పుడూ వాడకూడదు.

బెల్ హౌసింగ్ మధ్య రేఖను డయల్ గేజ్‌తో చూడాలంటారు. ఫ్యాక్టరీ భాగానికి కూడా అవసరమా?

అవసరమే. బెల్ హౌసింగ్ వెనక రంధ్రం మధ్య, క్రాంక్ మధ్య ఒకే గీతలో ఉన్నాయా అన్నదే ఈ పరీక్ష. ఈ పని మొత్తంలో ఒక్క అడుగు మాత్రమే శ్రద్ధగా చేసే ఓపిక ఉందంటే అది ఇదే కావాలి. కంపెనీ బెల్ హౌసింగ్ ఆ ఇంజను బ్లాకుతోనే పుట్టిందని హామీ లేదు. విడిగా కొన్నదైతే అసలే లేదు.

పని ఇలా చేయాలి. ఇంజనుకు ఫ్లైవీల్ బిగించి, క్లచ్ లేకుండా, బెల్ హౌసింగ్‌ను దాని డోవెల్ పిన్నుల (చోటు తప్పకుండా పట్టే పిన్నుల) మీద పెట్టి బోల్టులు బిగించండి. డయల్ గేజ్ (చిన్న తేడాలను డయల్ మీద చూపే కొలత పరికరం) అయస్కాంతపు పీటను ఫ్లైవీల్ మీద నిలిపి, గేజ్ ముల్లు బెల్ హౌసింగ్ వెనక ఉన్న పెద్ద గుండ్రటి రంధ్రం లోపలి అంచుకు తగిలేలా సర్దండి. గేర్‌బాక్స్ బేరింగ్ రిటైనర్ కూర్చునే రంధ్రం అదే. స్పార్క్ ప్లగ్గులు తీసేసి క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. తిప్పేటప్పుడు క్రాంక్‌ను ఎప్పుడూ ఒకే వైపుకు నెట్టి ఉంచాలి, లేకపోతే దాని ముందు వెనకల ప్లే రీడింగులో కలిసిపోతుంది. పైన 12 గంటల చోట సున్నా పెట్టి, 3, 6, 9 గంటల చోట్ల రీడింగులు రాసుకోండి.

ఉదాహరణకు పైన 0, కుడివైపు 0.30, కింద 0.60, ఎడమవైపు 0.30 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. ముందు ఎదురెదురు రీడింగులు కూడి చూడండి: పైన కింద 0, 0.60 కలిపితే 0.60; పక్కల 0.30, 0.30 కలిపితే అదే 0.60. మొత్తాలు సమానమైతే కొలత సరిగా తీసినట్టే. బాగా తేడా వస్తే గేజ్ కదిలిందనో, రంధ్రం అంచున తుప్పో పెయింటో ఉందనో అర్థం. ఇక్కడ పక్కలకు తేడా లేదు, పైకీ కిందికీ మాత్రమే 0.60 ఉంది. మధ్య రేఖ తప్పింది అందులో సగం, అంటే 0.30. మొత్తం రీడింగు 0.010 అంగుళాలు, అంటే 0.25 మిల్లీమీటర్ల లోపు ఉండాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. కాబట్టి దీన్ని సరిచేయాలి.

సరిచేయడానికి ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు దొరుకుతాయి. వాటి రెండు సగాల మధ్య రేఖలు కావాలనే 0.007, 0.014, 0.021 అంగుళాలు పక్కకు జరిపి ఉంటాయి. మన 0.30 మిల్లీమీటర్లకు 0.014 అంగుళాలది, అంటే 0.36 మిల్లీమీటర్లది దగ్గర. రెండు పిన్నులనూ ఒకే దిశకు తిప్పి వేసి మళ్లీ కొలిస్తే మధ్య రేఖ తేడా 0.06కు, గేజ్ రీడింగు 0.12 దగ్గరికి రావాలి. ఇంకా ఎక్కువ వస్తే పిన్ను తిరగేసి కొట్టారన్నమాట. చివరగా ముల్లును బెల్ హౌసింగ్ వెనక ముఖం మీద పెట్టి కూడా ఒక చుట్టు తిప్పండి. ఆ ముఖం వంకరగా ఉంటే మధ్య రేఖ ఎంత సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు. అది 0.25 దాటితే సన్నని షిమ్ (ఎడం పూడ్చే రేకు) వేయాలి, లేదా ముఖాన్ని మెషిన్ పట్టించాలి.

ఈ సగం పూట పని చేయనివారి గేర్‌బాక్స్‌లలో మూడో గేరు జారిపోవడం, పైలట్ బుష్ అరిగి ఊడిపోవడం, క్లచ్ తొక్కినా గేరు గీసుకోవడం కొన్ని వేల కిలోమీటర్లలోనే మొదలవుతాయి. అప్పుడు తిట్లన్నీ గేర్‌బాక్స్ అమ్మినవారికి పడతాయి.

పైలట్ బుష్ మంచిదా, నీడిల్ బేరింగ్ మంచిదా?

చాలా పాత కార్లకు నూనె పీల్చుకున్న కంచు బుష్ చాలు. మధ్య రేఖలో చిన్న తప్పుంటే అది కొంత సర్దుకుంటుంది. నీడిల్ బేరింగ్ ఆ తప్పును అస్సలు సహించదు. పైగా షాఫ్ట్ కొన గట్టిపరచిన ఉక్కు కాకపోతే సూదులు దాన్ని కోసేస్తాయి. బుష్‌ను బిగించే ముందు రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి. గ్రీజు పూయకండి, అది బుష్‌లోని సన్నని రంధ్రాలను మూసేసి లోపలి నూనెను బయటికి రానివ్వదు. క్రాంక్ రంధ్రానికీ షాఫ్ట్ కొనకూ కొలతలు కలవకపోతే లేత్ మీద ఒక బుష్ తిప్పించుకోవడం గంట పని.

క్లచ్ ప్లేటు ఏ కారుది తీసుకోవాలి?

వ్యాసం ఇంజనుది, మధ్యలోని స్ప్లైన్లు గేర్‌బాక్స్‌వి. క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్‌కు బిగుస్తుంది కాబట్టి అది ఇంజను వైపుది. ఆ ప్రెషర్ ప్లేటు వ్యాసానికి సరిపోయి, కొత్త షాఫ్ట్ మీద నున్నగా జారే ప్లేటు వెతకాలి. చాలా జతలకు కంపెనీ ప్లేట్లలోనే దొరుకుతుంది. దొరక్కపోతే క్లచ్ రీలైనింగ్ చేసేవారు పాత ప్లేటుకు కొత్త హబ్ వేసి ఇస్తారు. బిగించే ముందు ఖాళీ ప్లేటును షాఫ్ట్ మీద వేసి చివరి దాకా జరిపి చూడండి. హబ్ బేరింగ్ రిటైనర్‌కు గానీ, ఫ్లైవీల్ బోల్టుల తలలకు గానీ తగలకూడదు.

ఫ్లైవీల్, స్టార్టర్ పాతవే ఉంచుకోవచ్చా?

మాన్యువల్ కారే అయితే సాధారణంగా ఉంచుకోవచ్చు. ముఖాన్ని మాత్రం కొత్తగా మెషిన్ పట్టించాలి. బెల్ హౌసింగ్ కూడా మారుస్తుంటే రింగ్ గేరు పళ్లు లెక్కపెట్టండి. షెవ్రొలే చిన్న వీ8లకు 153 పళ్లది, 168 పళ్లది రెండు ఫ్లైవీళ్లున్నాయి. చిన్న బెల్ హౌసింగ్‌లో పెద్దది పట్టదు, స్టార్టర్ మౌంటింగ్ కూడా వేరు. అదే ఇంజనులో 1986లో వెనక సీలు ఒకే ముక్కగా మారినప్పుడు క్రాంక్ ఫ్లాంజ్ బోల్టుల వరస కూడా మారింది. కాబట్టి ఇంజను ఏ సంవత్సరానిదో తెలియకుండా ఫ్లైవీల్ కొంటే వృథా.

బ్యాలెన్స్ సంగతి ఇంకా ముఖ్యం. ఫోర్డ్ 302 ఇంజను 1980ల ఆరంభం దాకా 28 ఔన్సుల అసమతౌల్యంతో, ఆ తర్వాత 50 ఔన్సులతో వచ్చింది. ఒకదాని ఫ్లైవీల్ మరోదానికి చక్కగా బిగుస్తుంది, ఇంజను మాత్రం బోల్టులన్నీ వదులయ్యేలా వణుకుతుంది.

క్లచ్‌ను హైడ్రాలిక్‌గా మారుస్తున్నాను. మాస్టర్ సిలిండర్ కొలత ఎలా తేల్చాలి?

పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ ఎంత ద్రవం తోస్తే, దాన్ని బట్టి క్లచ్ దగ్గరి స్లేవ్ సిలిండర్ కదులుతుంది. 3/4 అంగుళాల మాస్టర్ వైశాల్యం 285 చదరపు మిల్లీమీటర్లు. దాని పిస్టన్ 30 మిల్లీమీటర్లు కదిలితే 8,550 ఘన మిల్లీమీటర్ల ద్రవం వెళ్తుంది. స్లేవ్ 7/8 అంగుళాలది అయితే, దాని వైశాల్యం 388 కాబట్టి, 22 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒక అంగుళం స్లేవ్ అయితే 17 మాత్రమే. ఫోర్కు (స్లేవ్ కదలికను రిలీజ్ బేరింగుకు అందించే చేయి) నిష్పత్తి రెండుకు ఒకటి అయితే రిలీజ్ బేరింగ్ వరుసగా 11, 8.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. మీ ప్రెషర్ ప్లేటుకు ఎంత కదలిక కావాలో తయారీదారు చెబుతాడు, దానికి తగ్గ జత ఎంచుకోండి.

పెద్ద మాస్టర్ వేస్తే భద్రమని అనుకోవద్దు. పెడల్ బరువెక్కుతుంది, ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు హద్దు దాటి వంగుతాయి. అలా జరగకుండా పెడల్ వెనక ఒక స్టాపు పెట్టడం మంచిది. పెడల్ నిష్పత్తి సుమారు 6:1 దగ్గర ఉంటే కాలికి హాయి.

బెల్ హౌసింగ్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ కూర్చునే రిలీజ్ బేరింగు-స్లేవ్ చూడడానికి ముచ్చటగా ఉంటుంది, లింకేజీ తలనొప్పి ఉండదు. అది కారినప్పుడు మాత్రం మొత్తం గేర్‌బాక్స్ దించాలి. ఫైర్‌వాల్ పక్కన చోటు ఉంటే బయట ఉండే స్లేవ్‌కే నేను మొగ్గుతాను.

నా కారు ఆటోమేటిక్. అదనంగా ఏం చూసుకోవాలి?

అన్నిటికంటే ముందు క్రాంక్‌షాఫ్ట్ చూడండి. ఆటోమేటిక్ కోసం చేసిన కొన్ని క్రాంక్‌లకు పైలట్ రంధ్రం పూర్తి లోతు తొలిచి ఉండదు. పాత క్రైస్లర్ ఇంజన్లలో ఇది తరచుగా ఎదురవుతుంది. అప్పుడు మూడు దారులు: క్రాంక్ తొలిపించడం, ఇన్‌పుట్ షాఫ్ట్ కొన కోయించడం, టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే భాగం) కూర్చునే పెద్ద గాడిలో సరిపోయే బేరింగు వేయడం. చివరిది కుదిరితే అదే మేలు, ఇంజను విప్పే పని తప్పుతుంది.

ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండే పలుచని ప్లేటు) బోల్టులు ఫ్లైవీల్‌కు వాడకూడదు, అవి పొట్టివి. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టు రంధ్రాలు క్రాంక్‌కేస్‌లోకి తెరుచుకొని ఉంటాయి. వాటి మరలకు సీలెంట్ పూయకపోతే క్లచ్ మీద ఆయిల్ కారుతుంది. వైరింగ్‌లో ఇన్‌హిబిటర్ స్విచ్ (గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపేది) పోతుంది కాబట్టి స్టార్టర్ తిరగదు. ఆ రెండు తీగలను క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్‌కు కలపండి. ఊరికే కలిపేస్తే కారు గేరులో ఉండగానే స్టార్ట్ అయి ముందుకు దూకుతుంది. రివర్స్ లైటు తీగ కూడా చాలా కార్లలో ఆ స్విచ్ గుండానే వెళ్తుంది, దాన్ని కొత్త గేర్‌బాక్స్ స్విచ్‌కు తేవాలి. మానిఫోల్డ్ నుంచి ఆటోమేటిక్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం ఉంటే మూయండి, లేకపోతే ఇంజను ఐడిల్‌లో కుదురుగా ఉండదు. పెడల్ బాక్సు అదే మోడల్ మాన్యువల్ కారు నుంచి తెచ్చుకోవడం ఉత్తమం.

టన్నెల్ కోయక తప్పదా?

టన్నెల్, అంటే గేర్‌బాక్స్ పైన కారు నేలలో ఉబ్బిన భాగం, కోయాలా అన్నది కారును బట్టి. 1964-66 మస్టాంగ్‌లో టీ-5 సాధారణంగా కోత లేకుండానే పడుతుంది. కొన్ని కార్లలో సుత్తితో రెండు చోట్ల నొక్కితే చాలు. లివరు చోటు తప్పితే టన్నెల్ మీద చేయి వేసే ముందు టెయిల్ హౌసింగ్ మార్చే వీలుందేమో చూడండి. షెవ్రొలే ఎస్-10 పికప్‌లో వచ్చిన టీ-5 లివరు బాగా ముందుకు ఉంటుంది, ఆ టెయిల్ హౌసింగ్‌ను పాత కార్లకు అందుకే వెతుక్కుంటారు. 1980ల కమారోలో వచ్చిన టీ-5 మాత్రం 17 డిగ్రీలు పక్కకు వాలి కూర్చునేలా చేసినది. దాన్ని నిటారు బెల్ హౌసింగ్‌కు బిగిస్తే లివరు పక్కకు వంగుతుంది.

క్రాస్‌మెంబర్ కొత్తగా చేస్తుంటే మౌంటింగ్ బోల్టు రంధ్రాలను పొడవాటి గాడులుగా చేయించండి. తర్వాత కోణాలు సర్దేటప్పుడు ఉపయోగపడతాయి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు ఎలా కొలవాలి?

గేర్‌బాక్స్ శాశ్వతంగా బిగించాక, కారు బరువంతా చక్రాల మీద ఉండగా కొలవాలి. జాక్ మీద వెనక యాక్సిల్ వేలాడుతుండగా తీసిన కొలత పనికిరాదు. స్లిప్ యోక్‌ను (షాఫ్ట్ ముందు కొనలో లోపలికీ బయటికీ జారే భాగాన్ని) గేర్‌బాక్స్‌లోకి చివరి దాకా నెట్టి, అక్కడి నుంచి 20-25 మిల్లీమీటర్లు వెనక్కి లాగి గుర్తు పెట్టండి. ఆ స్థితిలో ముందు క్రాస్ (షాఫ్ట్‌ను కోణంలో తిరగనిచ్చే జాయింటు) మధ్య నుంచి వెనక క్రాస్ మధ్య దాకా ఉన్న దూరమే షాఫ్ట్ చేసేవారికి చెప్పాల్సిన కొలత. గుంతలో యాక్సిల్ పైకి లేచినప్పుడు యోక్ లోపలికి పోవడానికి ఆ ఖాళీ కావాలి. లేకపోతే దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ వెనక బేరింగుకు తగులుతుంది.

రెండు చివరల క్రాస్‌లు వేరు సైజులవి కావచ్చు. 1310, 1330 సిరీస్‌లకు కప్పుల వ్యాసం ఒకటే, వెడల్పు వేరు. రెండిటినీ కలిపే క్రాస్‌లు దొరుకుతాయి. షాఫ్ట్ వెల్డింగ్ అయ్యాక రెండు చివరల యోక్‌లు ఒకే వరసలో ఉన్నాయో లేదో కంటితో చూడండి, బ్యాలెన్స్ చేయించకుండా తీసుకోకండి.

కొత్త గేర్‌బాక్స్ పొట్టిదైతే షాఫ్ట్ పొడవవుతుంది. షాఫ్ట్ విల్లులా వంగి కొట్టుకునే వేగం పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పొడవు 10 శాతం పెరిగితే ఆ హద్దు 17 శాతం పడిపోతుంది. అప్పటికే హద్దుకు దగ్గరలో ఉంటే గొట్టం వ్యాసం పెంచాలి, లేదా రెండు ముక్కల షాఫ్ట్ వేసి మధ్యలో బేరింగు పెట్టాలి.

కోణాల గురించి అందరూ ఒక్కో మాట చెబుతారు. ఏది నిజం?

సూత్రం ఒకటే. క్రాస్ ఏదైనా కోణంలో తిరిగితే అవతలి వైపు వేగం ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 3 డిగ్రీల వద్ద ఆ హెచ్చుతగ్గు 0.14 శాతం మాత్రమే, 8 డిగ్రీల వద్ద దాదాపు ఒక శాతం. వెనక క్రాస్ అంతే కోణంలో ఉంటే ముందు క్రాస్ చేసిన తప్పును సరిదిద్దుతుంది. అందుకే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ రేఖ, పినియన్ రేఖ సమాంతరంగా ఉండాలి. వాటి మధ్య షాఫ్ట్ ప్రతి చివరా 1 నుంచి 3 డిగ్రీల కోణంలో ఉంటే మంచిది. కోణం సున్నా అయితే సూది రోలర్లు ఒకేచోట నిలిచి గాడులు పెడతాయి, కనీసం అర డిగ్రీ కావాలి.

అంకెల్లో చూద్దాం. గేర్‌బాక్స్ వెనక్కి 4 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ వెనక్కి 6.5 డిగ్రీలు వాలి ఉంది. ముందు క్రాస్ కోణం 2.5. పినియన్ ముక్కు 4 డిగ్రీలు పైకి చూస్తుంటే వెనక క్రాస్ కోణం కూడా 2.5. సరిపోయింది. ఆకు స్ప్రింగుల కారులో యాక్సిలరేటర్ నొక్కగానే పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి నిలిచి ఉన్నప్పుడు దాన్ని ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి పెడతారు. పినియన్ సర్దడానికి స్ప్రింగుకూ యాక్సిల్ పీటకూ మధ్య వాలు షిమ్ వేస్తారు, గేర్‌బాక్స్‌ను సర్దడానికి వెనక మౌంటింగ్ కింద ప్లేటు వేస్తారు.

వెనక యాక్సిల్ నిష్పత్తి కూడా మార్చాలా?

ముందు నడిపి చూడండి. 3.9 యాక్సిల్‌తో 0.82 ఐదో గేరు చిన్న ఇంజనుకు చక్కగా కుదురుతుంది. 3.0 యాక్సిల్ ఉన్న కారుకు 0.63 ఐదో గేరు వేస్తే మొత్తం నిష్పత్తి 1.9కి పడిపోతుంది, చిన్న ఎత్తుకు కూడా నాలుగుకు దిగాలి.

స్పీడోమీటరు తప్పు చూపిస్తోంది. ఎలా సరిచేయాలి?

బ్రిటిష్ కార్లలోని స్మిత్స్ కంపెనీ మీటరు డయల్ మీద చిన్న అక్షరాల్లో 1280 లాంటి అంకె ఉంటుంది. మైలుకు కేబుల్ తిరగాల్సిన చుట్లు అవి. కేబుల్‌ను మీటరు దగ్గర విప్పి, లోపలి తీగకు కాగితపు జెండా అంటించి, కారును తిన్నగా 20 మీటర్లు తోయించి చుట్లు లెక్కపెట్టండి. వచ్చినదాన్ని 80.5తో హెచ్చించండి. 14.5 చుట్లు వస్తే మైలుకు 1,167. మీటరు సుమారు 9 శాతం తక్కువ చూపిస్తోందన్నమాట. గేర్‌బాక్స్‌లోని చిన్న ప్లాస్టిక్ పినియన్ మార్చితే చాలాసార్లు సరిపోతుంది. కాకపోతే కేబుల్ మధ్యలో 1.1 నిష్పత్తి పెట్టె పెట్టించాలి.

ఏ ఆయిల్ పోయాలి?

గేర్‌బాక్స్ తయారీదారు చెప్పినదే పోయాలి, కారు మాన్యువల్‌లో ఉన్నది కాదు. ఎమ్‌జీబీ పాత గేర్‌బాక్స్‌లో ఇంజన్ ఆయిలే పోసేవారు. ‘వరల్డ్ క్లాస్’ రకం టీ-5కు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కావాలి, చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే దాని సింక్రో రింగులు పాడవుతాయి. ఇత్తడి సింక్రో రింగులున్న గేర్‌బాక్స్‌కు జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) అని రాసి ఉంటే జీఎల్-5 పోయకండి, అందులోని గంధకం ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది.

అంతా బిగించాక కారు వణుకుతోంది. ఎక్కడ వెతకాలి?

ఆగి ఉన్న కారులో ఇంజను వేగం పెంచండి. వణుకు అప్పుడే వస్తే ఫ్లైవీల్ లేదా ప్రెషర్ ప్లేటు బ్యాలెన్స్ చూడాలి. ఫలానా రోడ్డు వేగంలోనే వచ్చి, క్లచ్ తొక్కి ఇంజనును ఐడిల్‌కు దించినా పోకపోతే షాఫ్ట్ లేదా చక్రాలు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే వస్తే పినియన్ కోణం.

ఇంకా తేల్చాలంటే ఫోనులో కంపనాలు కొలిచే యాప్ వేసి సీటు పట్టాల మీద పెట్టండి. మొదట చెప్పిన లెక్క ప్రకారం గంటకు 100 కిలోమీటర్ల వద్ద చక్రం సెకనుకు 14.6 సార్లు, షాఫ్ట్ 57 సార్లు తిరుగుతాయి. యాప్‌లో 14-15 దగ్గర శిఖరం కనిపిస్తే టైర్లు బ్యాలెన్స్ చేయించండి. 57 దగ్గరైతే షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పింది. 114 దగ్గరైతే, చుట్టుకు రెండు కాబట్టి, క్రాస్ కోణాలు. ఇవి తేలకుండా షాఫ్ట్‌ను మళ్లీ మళ్లీ బ్యాలెన్సింగ్‌కు పంపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కోణం తప్పును బ్యాలెన్స్ బరువులు సరిచేయలేవు.

పాత గేర్‌బాక్స్ అమ్మేయవచ్చా?

ఉంచుకోండి. పాత బెల్ హౌసింగ్, ఫ్లైవీల్, షాఫ్ట్, క్రాస్‌మెంబర్ అన్నీ ఒకేచోట, తీసిన బోల్టులు వాటి రంధ్రాల్లోనే బిగించి పెట్టండి. షాఫ్ట్ పాతదాన్ని కోయించకుండా కొత్త గొట్టంతో వేరేది చేయించుకోండి. అసలు భాగాలతో పాటు అమ్మే పాత కారుకు కొనేవారు ఎక్కువ. కారు నంబరుతో నంబరు కలిసే గేర్‌బాక్స్ అయితే మరీను.